సముద్రానికి మత్తడి ఎక్కడ?

భీమిలి చూడనివారి కోసం ఇది రాస్తున్నాను. చూసినవారు చదివినా అభ్యంతరం లేదు గానీ, తేదీల గురించీ బస్సు వేళల గురించీ నాతో వాదనకు దిగవద్దు. అన్నీ డైరీలో ఉన్నాయి.

వెళ్లింది ముగ్గురం. మేడ్చల్ బడిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన నేను, శామీర్‌పేటలో ఉండే మా ఆయన అక్క యాదమ్మ వదినె, గుండ్లపోచంపల్లి కొత్త కాలనీలో ఉండే వరలక్ష్మి. వరలక్ష్మి భర్త తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో పని చేస్తాడు. ఆమె పిల్లలకు నేను లెక్కలు చెప్తాను. పుట్టిల్లు భీమిలి. ఒక ఆదివారం ఆమెకు శామీర్‌పేట పెద్ద చెరువు చూపించాం. "బావుందండీ, చిన్నదైనా ముచ్చటగా ఉంది" అంది. చెరువును చిన్నదన్న మనిషిని వదినె అదే మొదటిసారి చూడటం. ఆ సముద్రం సంగతేమిటో చూసి తేల్చుకోవాలని ఆ రోజే నిశ్చయించుకుంది.

ఐదులోంచి పదకొండు

వదినె పెట్టిన షరతు ఒక్కటే. సద్దుల బతుకమ్మ అయిపోయాకే బయలుదేరాలి. తొమ్మిది రోజులు పూలతో బతుకమ్మను పేర్చి, చుట్టూ తిరిగి పాడి, ఆఖరి రోజు ఐదు రకాల సద్దులు, అంటే నైవేద్యం అన్నాలు, కలిపి, పెద్ద బతుకమ్మను చెరువులో సాగనంపుతాం. ఏడేళ్ల వయసు నుంచి వదినె ఒక్క ఏడూ తప్పలేదు. ఆ సంవత్సరం, అంటే 2004లో, ఆమెకు అరవై తొమ్మిది. మొదటి ఏడు కూడా కలుపుకుంటే అది అరవై మూడో సద్దుల బతుకమ్మ.

ఆగస్టులో సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లి, రిజర్వేషన్ వరుసలో నిలబడే తేదీ లెక్క వేశాను. నిరుడు దసరా అక్టోబరు 5న వచ్చింది. పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఐదులోంచి పదకొండు పోదు కనుక సెప్టెంబరు దగ్గర ముప్పై అప్పు తెచ్చుకుంటే, సెప్టెంబరు 24. అక్టోబరు 18 నాటికి పండుగ వాసన కూడా మిగలదు. నిశ్చింతగా మూడు కింది బెర్తులు తీసుకున్నాను. గోడ మీది క్యాలెండర్ చూడలేదు. లెక్కలు వచ్చినవాళ్లకు క్యాలెండర్ దేనికి?

వినాయక చవితి నాడు వదినె మా ఇంటికి వచ్చింది. ఉండ్రాళ్లు తింటూ, దసరా ఎప్పుడని అడిగింది. ఇంకా ఆరు రోజులు ఉందన్నాను. ఆమె నమలడం ఆపింది.

"గణపతి ఇంక నీళ్లల్ల పడనే లేదు. దసరా ఎట్లొస్తది పంతులమ్మా?"

అప్పుడు లేచి క్యాలెండర్ చూశాను. ఆ ఏడు అధిక మాసం వచ్చింది. శ్రావణాలు రెండు. నాకు తెలియదనడానికి కూడా వీల్లేదు. మొదటి శ్రావణంలో పెళ్లి పిలుపులు లేవని నెలంతా హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నది నేనే. దసరా అక్టోబరు 22. సద్దుల బతుకమ్మ 21, గురువారం. ఆ రోజుకు మేం భీమిలిలో ఉంటాం.

టికెట్లు వాపసు ఇచ్చేస్తానన్నాను. కానీ వరలక్ష్మి అన్నగారు మా కోసం అప్పటికే వెనక గదికి సున్నం వేయించాడట. వదినె చేయి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పింది.

"నేనొస్త. బతుకమ్మ గూడ వస్తది. గా సముద్రంల్నే సాగనంపుత. గని ఒక్క మాట. ఇడిసిన బతుకమ్మ మల్ల ఒడ్డుకు రావద్దు. వచ్చిందనుకో, సాగనంపినట్టు కాదు. అరవై రెండు కాడ్నే ఆగిపోతది. గప్పుడు నీ సంగతి చెప్త."

అలా అరవై మూడు పూర్తి చేయించే బాధ్యత నా నెత్తిన పడింది.

రైల్లో గునుగు కట్ట

సోమవారం పొద్దున వదినె శామీర్‌పేట చెలకల్లో గునుగు, తంగేడు పూలు కోసి, తడి తువ్వాలలో చుట్టి, గంపలో పెట్టి, పైన ఇత్తడి తాంబాళం బోర్లించి తెచ్చింది. సాయంత్రం స్టేషన్లో కూలీ గంపలోకి తొంగి చూసి, బర్రె ఏ పెట్టెలో ఉందని అడిగాడు.

మా ఎదురు బెర్తులో తునిలో దిగాల్సిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. రెండు మోకాళ్లూ పట్టుకుని కూర్చుని, లేచినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. ఆ కట్ట దేనికి మందు అని ఆయన అడిగితే, బతుకమ్మ చుట్టూ తిరిగేవాళ్లకు మోకాళ్ల నొప్పులుండవని వదినె చెప్పింది. ఆమె దృష్టిలో అది నిజం. ఆయన మాత్రం 'చుట్టూ తిరగడం' అన్న భాగాన్ని వదిలేసి ఒక్క గునుగు కొమ్మ ఇమ్మని అడిగి, దాన్ని మోకాలికి రుమాలుతో కట్టుకుని పడుకున్నాడు. తెల్లవారి తునిలో దిగేటప్పుడు, సగం తగ్గిందని దండం పెట్టి వెళ్లాడు. మిగతా సగానికి ఇంకో కొమ్మ ఇవ్వాల్సిందని వదినె విశాఖపట్నం దాకా బాధపడింది.

తూము, మత్తడి

19వ తేదీ, మంగళవారం. సత్రంలో స్నానాలు చేసి, అల్లం పచ్చడితో పెసరట్టు తిన్నాం. పెసరట్టులో ఉప్మా పెట్టి ఇచ్చారు. రెండు టిఫిన్లను ఒకదాంట్లో ఒకటి దాచడం వదినెకు మోసంలా తోచింది. విప్పి రెండూ వేరువేరుగా తింది.

తర్వాత రామకృష్ణా బీచ్‌కు వెళ్లాం. వరలక్ష్మి ముందు నడిచి, పక్కకు తప్పుకుని, తెర తీసినట్టు చేయి చాపింది. వదినె సముద్రాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు చూసింది. పెళ్లిచూపుల్లో అత్తగారు కూడా అంతసేపు చూడదు.

"తూము యాడుంది?" అంది.

తూము లేదని వరలక్ష్మి చెప్పింది. చెరువు నిండితే నీళ్లు పొర్లి దూకడానికి కట్టకు ఒక పక్క మత్తడి ఉంటుంది కదా, అదైనా ఎక్కడుందని వదినె అడిగింది. అదీ లేదంది వరలక్ష్మి. వదినె నమ్మలేదు. కొబ్బరి బొండాలమ్మే ఆయన్ను అడిగింది. అతను కత్తి పక్కన పెట్టి, తాను ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాననీ, మత్తడిగారనే ఆయన ఎవరో తెలియదనీ చెప్పాడు. బొండం ఎనిమిది రూపాయలు. మా మేడ్చల్ బస్టాండులో పది.

"ఇన్ని నీళ్లు ఉన్నయి, ఒక్క మడి పారుతలేదు" అంది వదినె. దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసి, ఎందుకు పారడం లేదో అర్థమైందన్నట్టు తలాడించింది.

వరలక్ష్మి ముఖం చిన్నబోయింది. అల అందంగా లేదా అని అడిగింది. అందం సంగతి అటుంచి, ఇది నిలకడ లేని నీళ్లనీ, చెరువైతే ఇచ్చింది తీసుకుని కూర్చుంటుందనీ వదినె జవాబిచ్చింది. ఈ మాట మేం అప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

కిటికీ లేని ఇల్లు

బీచ్ ఒడ్డునే ఒక పాత జలాంతర్గామిని తెచ్చి నిలబెట్టి, లోపలంతా చూపిస్తున్నారు. ఇలాంటిది హైదరాబాదులో లేదు. ఉన్నా ఎక్కడ ముంచుతారు? లోపల దారి ఒక మనిషి పట్టేంత. ఒకదానిపై ఒకటి పడకలు. నేను పడకలు లెక్కపెడుతూ ఒక గుండ్రటి గుమ్మానికి నుదురు కొట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండోసారీ అదే గుమ్మం. మూడోసారికి వరలక్ష్మి నా తల మీద చేయి అడ్డం పెట్టి నడిపించింది.

చూపించే ఆయన గొప్పగా వివరిస్తున్నాడు: ఇక్కడి నుంచి దాడి చేస్తారు, ఇక్కడి నుంచి పైకి చూస్తారు. వదినె అంతా విని, ఇంతమంది మగవాళ్లు నెలల తరబడి ఉంటే తొక్కుల జాడీలు ఎక్కడ పెట్టేవారని అడిగింది. ఆయన వెనక్కి వెళ్లి, పడకల కింద ఒకసారి వంగి చూసి వచ్చాడు.

సత్రానికి వచ్చి గంప విప్పాం. గునుగు బాగానే ఉంది. తంగేడు పూలు మాత్రం వడలిపోయి, రాలిపోయి, తువ్వాలకు పసుపు పూసినట్టు అంటుకున్నాయి. తంగేడు లేనిది బతుకమ్మ కాదు.  వదినె ఆ రాలిన పూలు ఒక్కొక్కటీ ఏరి తాంబాళంలో పెట్టి నా వైపు జరిపింది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

తొట్లకొండ

బుధవారం భీమిలి బస్సెక్కి, దారిలో తొట్లకొండ దగ్గర దిగాం. ఎప్పటివో బౌద్ధ భిక్షువుల విహారాలు, గుండ్రటి స్తూపం, రాతిలో తొలిచిన తొట్లు. కొండ మీద నుంచి సముద్రం కిందంతా పరుచుకుని కనిపిస్తుంది. వరలక్ష్మికి ఇక్కడైనా ఒక మంచి మాట వస్తుందని ఆశ. అటు తిరిగి చూస్తే వదినె లేదు.

కాపలాదారు విజిల్ వినిపించి పరుగెత్తాం. వదినె స్తూపానికి వీపు పెట్టి, చెట్ల మధ్య నడుము వరకు దిగిపోయి ఉంది. కొండవాలు నిండా తంగేడు, విరగబూసి. లోపల పూలు కోయకూడదని కాపలాదారు అంటున్నాడు. దేవుడికని ఈమె అంటోంది. ఏ దేవుడికని అతనడిగాడు. బతుకమ్మ గురించి వదినె చెప్పడం మొదలుపెడితే పావుగంటకు ముగిసింది. అతను రెండుసార్లు కూర్చుని లేచాడు. చివరికి ప్రహరీ దాటాక తన ఉద్యోగం లేదనీ, అక్కడ ఇంకా మంచి పూలున్నాయనీ తానే దారి చూపించాడు. అక్కడ కోసింది ఒక గంపెడు. నా గొడుగు తిరగేస్తే అందులో ఇంకో అరగంపెడు.

"బుద్ధుడు మంచోడే" అంది వదినె దిగుతూ. తొట్లకొండ గురించి ఆమె ఇప్పటికీ చెప్పేది ఇంతే.

భీమిలిలో వరలక్ష్మి అన్నగారింట్లో వంజరం పులుసు పెట్టారు. మా చెరువు కొర్రమీనుతో పోల్చి చెప్పమన్నారు. ఉప్పునీళ్లలో పుట్టి పెరిగినా చేప చప్పగా ఎందుకుందని వదినె ఆశ్చర్యపోయింది. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు, నవ్వారు.

తీసివేతల తోట

గురువారం పొద్దున భీమిలి చూశాం. దీపస్తంభం, కొండ మీద నరసింహస్వామి గుడి, డచ్చివాళ్ల గోరీలు. ఆ గోరీలు నాకు మిగతా అన్నింటికన్నా నచ్చాయి. రాళ్ల మీద పుట్టిన ఏడు, పోయిన ఏడు చెక్కి ఉంటాయి, అంటే తీసివేతలు సిద్ధంగా ఉన్నాయన్నమాట. చెరిగిపోకుండా మిగిలినవన్నీ చేశాను. ఎక్కువమంది నలభై కూడా దాటలేదు. ఎండకు ఓర్వలేకపోయి ఉంటారని వరలక్ష్మి అంది. అంత దూరం నుంచి వచ్చి చప్పటి చేప తినడం వల్లనేమోనని వదినె అంది.

రెండు గోరీల సందులో గునుగు పూసి ఉంది. వదినె చేయి చాపింది. స్మశానంలో పూలు దేవతకా అని వరలక్ష్మి చెంపలు వేసుకుంది. పువ్వుకేం తెలుసు ఎక్కడ పూసిందో అని వదినె. చివరికి చేయి వెనక్కి తీసుకుంది గానీ, ఆ పూలను తిరిగి తిరిగి చూస్తూనే బయటికి వచ్చింది.

అలల పట్టిక

మధ్యాహ్నం పెరట్లోని గుమ్మడి ఆకులు తాంబాళంలో పరిచి, బతుకమ్మను పేర్చాం. కింద తంగేడు, పైన గునుగు, నడుమ బజారులో కొన్న బంతి, చామంతి. రెండు జానల ఎత్తు. పసుపుతో గౌరమ్మను చేశాం. ఐదు సద్దులు కలిపాం, రొట్టె బెల్లంతో మలీద ముద్దలు కట్టాం. చీకటి పడకముందే ముగించాలని నాలుగింటికే ఒడ్డుకు తీసుకెళ్లాను. ఇది నా రెండో తప్పు. అప్పటికింకా తెలియదు.

చేపలు ఏరుకుంటున్న ఆడవాళ్లు చేతులు కడుక్కుని వచ్చి మా చుట్టూ చేరారు. వదినె పాట అందుకుంది. రెండు చరణాలకు వాళ్లకు 'ఉయ్యాల' ఎక్కడ పలకాలో పట్టుబడింది. చప్పట్లు మాత్రం ఎడాపెడా. ఒకామె మొదటి నుంచి చివరి దాకా ఎదురు దిక్కున తిరిగి అందరినీ పలకరించింది.

పాట అయ్యాక గౌరమ్మను తీసి, పసుపు పుస్తెలకు అద్దుకుని, వదినె మోకాలి లోతుకు దిగింది. తాంబాళం వంచి బతుకమ్మను మెల్లగా నీటి మీద ఉంచింది. చెరువులో అయితే అది తేలుతూ, ఊగుతూ నడిమికి పోతుంది. ఇక్కడ బారెడు దూరం పోయింది. అల వచ్చింది. బతుకమ్మ తిన్నగా తిరిగి వచ్చి వదినె పాదాల దగ్గర కూర్చుంది.

 వదినె బతుకమ్మను చూడలేదు, నన్ను చూసింది.

అది ఒడ్డు తాకలేదనీ, పాదాలు మాత్రమే తాకిందనీ, కాబట్టి లెక్కలోకి రాదనీ నేను వాదించాను. వదినె ఆలోచించి ఒప్పుకుంది. నేను డైరీ తీసి ఇరవై అలలకు పట్టిక వేశాను: పెద్దది, చిన్నది, చిన్నది, పెద్దది. రెండు చిన్న అలల తర్వాత ఎనిమిది సెకన్ల వ్యవధి ఉందని తేలింది. గొడుగు ఊపి సైగ చేస్తానన్నాను. సరైన క్షణంలో ఊపాను. వదినె వదిలింది. ఇరవై ఒకటో అల పట్టిక చదవలేదు. నన్ను నడుము దాకా తడిపి, నా ఎడమ చెప్పు తీసుకుని, బతుకమ్మను మళ్లీ తెచ్చి ఇచ్చింది. ఈసారి ఒక పక్క రెండు వరుసల పూలు ఊడిపోయాయి. కాసేపటికి చెప్పు కూడా ఇచ్చేసింది.

వదినె వంగి, తడిసిన బతుకమ్మను రెండు చేతులతో ఎత్తి తాంబాళంలో పెట్టుకుంది. అరవై రెండేళ్లుగా ఒక్కసారి కూడా ఆమె బతుకమ్మను నీళ్లలోంచి బయటికి తీయలేదు. ఆమె కొంగుతో పూల మీది ఉప్పునీళ్లు అద్దుతుంటే నేను డైరీ మూసేశాను.

"ఇంటికాడనే ఉంటే అయిపోతుండె" అంది. కోపంగా కాదు.

మొగ

కొంచెం అవతల పడవ నీడన వల బాగుచేసుకుంటూ ఒక ముసలాయన మొదటి నుంచీ ఇదంతా చూస్తున్నాడు. పేరు అప్పన్న. వయసు అడిగితే, సముద్రానికి తెలుసునన్నాడు. అతను లేచి వచ్చి వదినెతోనే మాట్లాడాడు.

"పోటు మీదున్న సంద్రానికి ఏటిచ్చినా ఎనక్కే తెచ్చేత్తాదమ్మా. ఆటు ఎత్తుకోనీ. మొగ కాడ ఇడిసిపెడుదువు గాని, ఏరే అట్టుకుపోద్ది."

గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటును అక్కడ మొగ అంటారు. నీళ్లు వెనక్కి తీసే ఆ ఆటు ఎప్పుడు మొదలవుతుందని నేను గడియారం చూస్తూ అడిగాను. ఇవ్వాళ అష్టమి కనుక పొద్దు వాలేటప్పుడన్నాడు. తిథిని బట్టి పోటు వేళ మారుతుందట, రోజుకు కొంత ఆలస్యంగా. క్యాలెండర్ చూశారా అన్నాను.

"కేలండరేటి? ఆకాశంలో సెందురుడు లేడా? ఈయేడు రెండు సావణాలొచ్చినాయి. అది మరిసిపోతే ఏ లెక్కా కుదరదు."

వదినె నా వైపు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. వరలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని సముద్రం వైపు తిరిగింది.

మొగ దగ్గర ఇసుక మీద కూర్చున్నాం. చేపలమ్మే ఆడవాళ్లు తలల్లోంచి బంతిపూలు తీసి ఇస్తే, వదినె ఊడిన వరుసలు మళ్లీ పేర్చింది. సద్దులు అందరికీ పంచాం. నువ్వుల సద్ది అప్పన్న మూడుసార్లు అడిగి తిన్నాడు. పొద్దు వాలింది. నది నీళ్లు అంతదాకా నిలబడి ఉన్నట్టే ఉండి, మెల్లగా ఒక పక్కకు లాగడం మొదలుపెట్టాయి. ఒక గడ్డిపోచ కదిలింది. తర్వాత నురుగు కదిలింది. ఇసుక దిబ్బ మీద నుంచి నీళ్లన్నీ ఒక్క వరుసగా సముద్రంలోకి పొర్లుతున్నాయి.

వదినె లేచి నిలబడింది.

"గిదే మత్తడి" అంది. "మీకు తెల్వక లేదంటున్నరు."

వరలక్ష్మి కాదనలేదు. అప్పన్న ఒక మోచేయి, నేను ఒక మోచేయి పట్టుకున్నాం. వదినె తన చేతులతోనే బతుకమ్మను వదిలి, పోయిరా తల్లీ అంది. అది ఒకసారి గుండ్రంగా తిరిగింది.  తర్వాత చెరువులో పోయినట్టే నెమ్మదిగా, దర్జాగా, మత్తడి దూకి సముద్రంలోకి వెళ్లింది. అలలు ఎత్తాయి, దించాయి, ఎత్తాయి. వెనక్కి తేలేదు. వదిలింది ఐదూ ముప్పై నాలుగుకు. ఎన్ని నిమిషాలకు కనుమరుగైందో మాత్రం డైరీలో లేదు.

"అరవై మూడు" అంది వదినె.

తిరుగు ప్రయాణం

దసరా నాటి రాత్రి రైలు. వరలక్ష్మి వదిన కట్టిచ్చిన పులిహోర, ఖాళీ గంప, తాంబాళం. సముద్రం ఎలా ఉందో ఇప్పుడైనా చెప్పమని వరలక్ష్మి బతిమాలింది. మన చెరువంత బుద్ధి లేదు గానీ, వేళ తెలుసుకుని అడిగితే మాట వింటుందని వదినె ఒప్పుకుంది. ఆమె నోట అంతకన్నా మెచ్చుకోలు నేను వినలేదు, నా పెళ్లినాడు నా గురించి కూడా.

అనకాపల్లి దాటాక వదినె దుప్పటి కప్పుకుంటూ, వచ్చే ఏడు సద్దుల బతుకమ్మ ఏ తేదీన వస్తుందని అడిగింది.

ఇరవై ఒకటిలోంచి పదకొండు నా నాలుక చివరన ఉంది. అప్పు తెచ్చుకునే పని కూడా లేదు. నోరు తెరిచాను. ఎదుటి బెర్తులోంచి వరలక్ష్మి కూడా తల ఎత్తి చూస్తోంది.

"ఇంటికి పోయినంక క్యాలెండర్ చూసి చెప్త వదినె" అన్నాను.